చెరువు పూడిక - చేని బలము

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల నేల చాలవరకు ఎఱ్ఱనేల. సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైబడిన మిట్టప్రదేశమగుటచే ఎండ కొంత తక్కువ. అందువలననే వేసవిలోను ఇచట టమాటా కాయుచున్నది. కాని ఈ నేలలో బంకపాలు స్వల్పము. పడిన వాన త్వరగా దిగిపోవును. వేసిన ఎరువు దాని వెంట పోవును.

పూర్వము చెరువు ఎండగానే పూడికమట్టిని బండ్లకెత్తి చేలకు తోలెడివారు. చెరువు లోతగును, చేను బలియును. ఆ మట్టి మన చేలనుండి వానకు కొట్టుకొనిపోయిన సన్నని ఒండ్రును, కుళ్ళిన ఆకును అలమునే గదా! గొఱ్ఱెల మందను రాత్రులు చేనిలో కట్టించుట, కానుగాకు త్రొక్కించుట, రాగిలో అనుముసాళ్ళు వేయుట కూడ నుండెను. బోరుబావి రాగానే చెరువుతో రైతునకు పని తీరినది. ట్రాక్టరు రాగానే ఎద్దు పోయినది, పెంటదిబ్బ తరిగినది. పుంగనూరు ఆవు మూడడుగుల పొట్టిదే యైనను పెరటిదిబ్బను నింపెడిది. ఇప్పుడా జాతినే వెదకి కాపాడవలసివచ్చినది.

2023 జూలై మాసాంతమున మదనపల్లె మార్కెట్టులో మేలిరకపు టమాటా కిలో 200 రూపాయలకు చేరువైనది. కొనువారు లేక అదే పండును దారిప్రక్కన పారబోసిన దినములును గలవు. ధర మన చేతిలో లేదు. అయినను దాని నాశించి ఒకే చేనిలో టమాటాపై టమాటా నాటుచున్నాము. వేళ్ళకు బుడిపెలు కట్టించు నులిపురుగులకును, పచ్చని చెట్టును నిలువున వాడ్చు బాక్టీరియా తెగులునకును ఇంతకంటె సుఖమైన ఏర్పాటు లేదు. వంగ, మిరప మార్చి నాటినను ప్రయోజనము తక్కువ. అవియు టమాటా కుటుంబమువే. నడుమ బంతి వేసిన నులిపురుగులు తగ్గును. జొన్నవంటి గింజపైరు వేసిన తెగులునకు ఎడము కలుగును. కుప్పము వైపు మల్బరి సాగుచేయువారు ఏటికి పలుమార్లు ఆకు కోయుదురు. పట్టుపురుగుల పెంటను, మిగిలిన ఈనెలను తోటకే చేర్చినచో తీసిన సారములో కొంతయైన తిరిగివచ్చును.

యూరియాను నేను నిందింపను. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ క్షేత్రమున 1843 నుండి ఒకే పొలమున గోధుమ వేయుచు పరీక్షించుచున్నారు. రసాయనపుటెరువు పడిన మళ్ళును బాగుగనే పండినవి. కాని ఏటేట పశువులయెరువు పడిన మడిలో సేంద్రియకర్బనము ఏ ఎరువును పడని మడికంటె రెట్టింపునకు మించినది. మన ఎండకు కర్బనము మఱింత త్వరగా తరుగును. 2015 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము ఆరంభించిన భూసార పరీక్షా పత్రములు అనేకుల యిండ్లలో పెట్టె యడుగున నున్నవి. తీసి చూడుడు: సేంద్రియకర్బనము నూటికి 0.5 కంటె తక్కువయున్న చేనికి ముందు కావలసినది మఱియొక బస్తా యూరియా కాదు.

2015లో తెలంగాణమున మిషన్ కాకతీయ క్రింద చెరువులు త్రవ్వినపుడు రైతులు పూడికను తమ పొలములకు తోలుకొనిరి. ఒంటరి రైతునకు ట్రాక్టరు బాడుగయే పెద్ద బరువు. ఒక చెరువు క్రింది సభ్యులందఱు కూడి, అనుమతి పొంది, ఒకేసారి తోలించుకొన్నచో ఖర్చు తగ్గును. ముందుగా ఆ మట్టిలో ఉప్పు, చౌడు ఉన్నవేమో పరీక్ష చేయింపవలెను. ఆయకట్టులో చౌడు పెరిగిన చోట ఇది ముఖ్యము. పూడిక దొరకనివారు తొలకరికి జనుముగాని జీలుగగాని చల్లి, పూతకు రాగానే కలియదున్నవలెను. పరీక్షకు చేనిలో పదిచోట్ల ఆఱంగుళముల లోతున మన్ను తీసి, కలిపి, అరకిలో నీడ నారబెట్టి, చేని సర్వే నంబరు వ్రాసి పంపవలెను. గట్టుప్రక్క మన్ను, పెంటకుప్ప వేసిన చోటి మన్ను తీయరాదు.