కుమారప్ప గ్రంథమును కాపరులు చదువవలసిన విధము

ప్రకృతితో పొందికగా, భూమిని పాడుచేయకుండా జీవించుటను గూర్చిన పుస్తకములు చదువగోరే వారికి సాధారణంగా రెండు గ్రంథములు సూచిస్తారు. ఒకటి రేచెల్ కార్సన్ 1962లో పురుగుమందుల వలన కలుగు నాశనమును గూర్చి రచించిన ‘సైలెంట్ స్ప్రింగ్’. రెండవది షూమాకర్ 1973లో ప్రచురించిన ‘స్మాల్ ఈజ్ బ్యూటిఫుల్’. రెండూ చదువదగినవే. అయితే ఈ రెంటికంటె ముందుగా, మన దేశములోనే, ఒక క్రైస్తవుడు చెరసాలలో కూర్చుండి వ్రాసిన పుస్తకము ఒకటి ఉన్నది. అది జె.సి. కుమారప్ప రచించిన ‘ఎకానమీ ఆఫ్ పర్మనెన్స్’. శాశ్వతత్వము గల ఆర్థిక వ్యవస్థ అని దాని భావము. తెలుగు కాపరి చేతికి మొదట ఈయవలసినది ఇదేనని మా అభిప్రాయము.

కుమారప్ప 1892లో తంజావూరులో క్రైస్తవ కుటుంబములో జన్మించారు. మొదటి పేరు జోసఫ్ చెల్లదురై కార్నేలియస్. లండనులో లెక్కల తనిఖీ విద్య నేర్చి, అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయములో ప్రభుత్వ ఆదాయవ్యయములను గూర్చి పరిశోధన చేశారు. 1929లో గాంధీజీని కలుసుకొనిన తరువాత తన జీవితమును గ్రామ పరిశ్రమల సేవకు అప్పగించుకున్నారు. క్విట్ ఇండియా ఉద్యమ కాలములో జబల్పూరు జైలులో ఉండి రెండు పుస్తకములు వ్రాశారు. ఒకటి పైన చెప్పినది, రెండవది యేసు బోధలను, ఆచరణను గూర్చినది. రెంటికిని గాంధీజీ ముందుమాట వ్రాశారు. ఒకే చెరలో ఒకే కలము నుండి వచ్చిన ఈ రెండు పుస్తకములను వేరుచేసి, మొదటిదానిని ఆర్థికశాస్త్రపు అరలోను, రెండవదానిని భక్తి పుస్తకముల అరలోను పెట్టుట వలన రెంటికిని నష్టమే కలిగింది.

గ్రంథము ఆరంభములోనే ఆయన సృష్టిలోని చక్రమును చూపిస్తారు. రాలిన ఆకు మట్టియై మరల చెట్టుకు ఆహారమగుచున్నది. ఈ చక్రమును ఎక్కడ తెంచినను అది హింసయేనని ఆయన వాదము. అటు తరువాత ఐదు విధముల జీవనములను వివరిస్తారు. మొదటిది ఆశ్రయమిచ్చిన చెట్టునే పీల్చు బదనికవంటిది, గొఱ్ఱెను చంపు పులివంటిది. రెండవది, తాను నాటని తోటలో పండ్లు దోచుకొను కోతివంటిది. మూడవది, పుచ్చుకొన్నదానికి తగిన శ్రమను తిరిగి ఇచ్చునది. నాలుగవది, తేనెటీగవలె సమూహమంతటి కొరకు పాటుపడునది. ఐదవది, ప్రతిఫలము ఎదురుచూడక పిల్లలను పోషించు తల్లిపక్షివంటిది. ఈ చివరిదానినే ఆయన సేవా వ్యవస్థ అంటారు.

ఈ తల్లిపక్షి యొద్ద వేదాంత విద్యార్థి కాస్త ఆగవలెను. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో గూటిలో పిల్లలతోనున్న తల్లిపక్షిని పట్టుకొనరాదను ఆజ్ఞ ఉన్నది గదా. పిల్లలను తీసికొనవచ్చును గాని తల్లిని విడిచిపెట్టవలెను. అనగా ఫలమును అనుభవించుటకు అనుమతి ఉన్నది, ఫలమిచ్చు మూలమును నాశనము చేయుటకు లేదు. 20వ అధ్యాయములో ముట్టడి సమయమందైనను పండ్ల చెట్లను నరకకూడదనుటలోను ఇదే సూత్రము. కుమారప్ప వేరొకచోట బొగ్గు, పెట్రోలువంటి తరిగిపోవు నిలువలమీద ఆధారపడుటకును, ఏటేట పెరిగే అడవులు, పంటలమీద ఆధారపడుటకును గల భేదమును చెప్పినప్పుడు ఈ ఆజ్ఞకే వ్యాఖ్యానము వ్రాసినట్లున్నది. వేయి అడుగుల బోరువేసి, వర్షము తిరిగి నింపలేనంత వేగముగా నీరు తోడుకొను మన మెట్ట ప్రాంతములలో ఇది వివరించి చెప్పనక్కరలేని పాఠము. తల్లిపక్షినే పట్టుకొనుచున్నాము.

1967లో లిన్ వైట్ అను చరిత్రకారుడు ‘సైన్స్’ పత్రికలో వ్రాసిన వ్యాసమును మన విద్యార్థులు తరచుగా ఎదుర్కొంటారు. ప్రకృతి నాశనమునకు పాశ్చాత్య క్రైస్తవ్యము పెద్ద బాధ్యత వహించవలెనని ఆయన నేరారోపణ. ఆదికాండము 1:28లోని ఏలుబడిని మాత్రమే చూచువారికి అది న్యాయమనిపించవచ్చు. కాని 2:15లో తోటను గూర్చి వాడిన ఆబద్, షామర్ అను రెండు హెబ్రీ క్రియలు సంఖ్యాకాండము 3వ అధ్యాయములో ప్రత్యక్ష గుడారమునొద్ద లేవీయుల సేవకు, కాపుదలకు వాడినవే. తోటపనికిని మందిరపు పరిచర్యకును ఒకే మాటలు! ఈ సంగతి చెప్పి లిన్ వైట్‌కు జవాబిచ్చేశామనుకొనుట మాత్రము తొందరపాటు. ఆయన ప్రశ్న మూలభాషను గూర్చినది కాదు, క్రైస్తవులు నిజముగా జీవించిన విధమును గూర్చినది.

కుమారప్పను చదువుటలో ఒక జాగ్రత్త అవసరము. ఆయన గ్రామము కొన్నిచోట్ల మరీ శాంతముగా కనబడుతుంది. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో డాక్టర్ అంబేద్కర్ గ్రామ వ్యవస్థను ఎంత కఠినముగా విమర్శించారో మనకు తెలుసు. మన సంఘములలో అధికసంఖ్యాకులు మాల, మాదిగ పల్లెలనుండి వచ్చినవారు. వారి తాతలకు గ్రామము ఏదెను తోట కాదు, వెట్టిచాకిరి చేసిన స్థలము. కనుక ‘ప్రకృతికి తిరిగి వెళ్ళుదాము’ అని పట్టణమునుండి వచ్చిన కాపరి ప్రసంగించినయెడల, ఆ మాట వినువారి చెవికి వేరుగా వినబడవచ్చును. భూమి ఎవరిది అను ప్రశ్నను దాటవేసి భూమిని ప్రేమించుమని చెప్పుట సువార్త కాదు. కుమారప్పకు ఈ ప్రశ్న తెలియదని అనలేము. 1949లో కాంగ్రెసు వ్యవసాయ సంస్కరణల సంఘమునకు అధ్యక్షుడుగా దున్నువానికే భూమి ఉండవలెనన్న పక్షమున నిలిచినవాడాయనే. అందుచేత ఆ గ్రంథమును ఆయన తరువాతి కృషితో కలిపి చదువవలెను, అంబేద్కరును ప్రక్కనే ఉంచుకొనవలెను.

ఈ రెంటిని కలిపి ఆచరించినవారు మనకు దూరమున లేరు. జహీరాబాదు ప్రాంతములో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలోని దళిత స్త్రీలు బీడు భూములను సాగులోకి తెచ్చి, జొన్న, కొఱ్ఱ, సామ మొదలగు వర్షాధార పంటలు కలిపి పండించారు, విత్తనములను తామే భద్రపరచుకున్నారు. ఈ స్త్రీల సంఘములకు 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమానము లభించింది. వీరు తమ అనుభవము నుండియే పనిచేశారు. కుమారప్పను బోధించు ఉపాధ్యాయుడు విద్యార్థులను అక్కడికి ఒకసారి తీసికొని వెళ్ళుట మేలు.

ఇక ఫుకుఓకా ‘గడ్డిపరకతో విప్లవం’ తెలుగులోనే దొరుకుతుంది గనుక సేద్యముచేయు సంఘస్థులకు ఉపయోగకరము. దాని వెనుకనున్న తూర్పు ఆసియా తత్వము వలన కొందరు కాపరులు వెనుకాడుదురు. దున్నక, ఎరువు వేయక పండించిన వరిని పరీక్షించుటకు ఆ తత్వమును అంగీకరించనక్కరలేదు.

సంఘములో చదువ మొదలుపెట్టుటకు కోతపండుగకు ముందు నెల తగిన సమయము. ఆ దినమున బలిపీఠమునొద్దకు వచ్చు బియ్యపు బస్తాలను, కూరగాయలను మనము ఆశీర్వదిస్తాము. వాటిమీద ఎంత మందు చల్లారు, చల్లిన కూలివానికి చేతొడుగులైనా ఇచ్చారా, ఆ పొలమునకు నీరు ఎక్కడిది, కౌలు ఎంత అని అడుగుట మనకు అలవాటు లేదు. కుమారప్ప ఐదు విధములను పెద్దల కూటములో చదివి, ఈ బస్తా వాటిలో దేనినుండి వచ్చినదో వారినే చెప్పనిండి. జవాబు చెప్పుటకు రైతులు వెనుకాడరు. అప్పులు, ధరలు, కౌలు సంగతి కూడ వారు చెప్పుదురు, అందుకు కాపరి సిద్ధపడి వెళ్ళవలెను.