పాకము గడ్డకట్టు మర్మము

మన వంటయింట ద్రవములు ఘనములగు వింత దినదినము జరుగుచునే యున్నది. కాచిన నేయి చల్లాఱి పూసకట్టును; తోడువేసిన పాలు పెరుగుగా పేరుకొనును; చక్కెరపాకము తెల్లబడి గడ్డకట్టును. చూపునకు మూడును నొక్కటియే గాని, వీని కారణములు వేఱువేఱు. వాని నెఱిగిన గృహిణికి వంట చెడుట యరుదు.

నేయి విషయము సులభము. వేడి తగ్గగా నేతిలోని కొవ్వు స్ఫటికములుగా నేర్పడును. మెల్లగా చల్లాఱినచో పెద్దపూసయు, త్వరగా చల్లాఱినచో సన్నపూసయు కలుగును. పాల సంగతి యట్లు కాదు. తోడులోని సూక్ష్మజీవులు పాలలోని చక్కెరను పులుపుగా మార్చును. ఆ పులుపునకు పాలలోని మాంసకృత్తులు ఒండొంటిని పట్టుకొని, వలవలె నల్లుకొని, నీటిని తమలో నిలుపుకొనును. కావుననే నేయి వేడిచేసిన మరల కరుగును. పెరుగు మరల పాలు కానేరదు.

ఇక పాకము. మామూలు వేడిలో ఒకవంతు నీటియందు తూకమున రెండువంతుల చక్కెర కరుగును. మరుగునపుడు దాదాపు అయిదువంతులు కరుగును. పాకము చల్లాఱునపుడు ఆ మిగులు చక్కెర బయల్పడ జూచును. అంతలో గరిటెతో కలియబెట్టినను, గిన్నెయంచున నంటిన పలుకొకటి లోన బడినను, దానిచుట్టు తక్కినది చేరి గడ్డకట్టును.

తాపేశ్వరపు మడతకాజా కొఱికినపుడు లోని పాకము జాలువారవలెను గదా! ఇట్టి పాకములకు నిమ్మరసము పిండుట కలదు. పులుపుతో కాగినపుడు చక్కెర కొంత విడిపోయి, గ్లూకోజు, ఫ్రక్టోజు అను రెండు చక్కెరలగును. ఇవి తక్కిన చక్కెర స్ఫటికములు కట్టకుండ నడ్డుపడును. బెల్లము వండువారి పని దీనికి విరుద్ధము. చెఱకురసమునందలి సహజమైన పులుపు చక్కెరను విడగొట్టినచో బెల్లము జిగటయై పోవును గనుక, వారు సున్నము వేసి యా పులుపును విఱుతురు. ఒకరు గడ్డ వలదని పులుపు చేర్తురు; ఒకరు గడ్డ కావలెనని పులుపు తీయుదురు. శాస్త్ర మొక్కటియే.

వఱదనాళ్ల యెఱ్ఱని గోదావరి నీట పటిక త్రిప్పుటయు నిట్టిదే. నీటిలోని సన్నని మన్ను రేణువులు ఒకదాని నొకటి త్రోసికొనుచు తేలియాడును. పటిక యా విముఖతను పోగొట్టగా, అవి గుమిగూడి బరువెక్కి యడుగున పేరుకొనును. కాని సోదరీమణులారా, తేటయైన నీరెల్ల శుద్ధమైన నీరు కాదు! మన్నుతో కొన్ని సూక్ష్మజీవులు దిగిపోయినను, రోగకారకములు మిగిలియే యుండును. ఆ తేటను వేఱొక పాత్రలోనికి వంచి, కళపెళ నొక నిమిషమైన మరగించి, చల్లార్చిన పిదపనే బిడ్డలకు త్రావనిండు.