నోటి, గొంతు క్యాన్సర్లకు వికిరణ చికిత్స: క్రమం తప్పరాని ఏడు వారాలు

ఉత్తరాంధ్ర తీరగ్రామాలలో చుట్ట నిప్పును నోటిలోపల ఉంచి పీల్చే ‘అడ్డపొగ’ అలవాటు అంగిలి క్యాన్సర్‌కు కారణమవుతుందని వైద్య పరిశోధకులు ఏనాడో గుర్తించారు. నోటి క్యాన్సర్‌కు సాధారణంగా మొదట శస్త్రచికిత్స చేసి, అవసరాన్ని బట్టి ఆపై వికిరణ చికిత్స ఇస్తారు. తొలిదశలోని స్వరపేటిక క్యాన్సర్‌ను మాత్రం వికిరణంతోనే నయంచేసి, రోగి మాటను నిలపడం సాధ్యం.

వికిరణం కణంలోని డి.ఎన్.ఎ.ను దెబ్బతీస్తుంది. ఆ గాయాన్ని సరిచేసుకొనే శక్తి క్యాన్సర్ కణాల కంటే ఆరోగ్యకణాలకు ఎక్కువ. అందువల్లనే మోతాదును విభజించి ఇస్తారు. శస్త్రచికిత్స లేనప్పుడు రోజుకు 2 గ్రే చొప్పున, వారానికి 5 రోజులు, 7 వారాలలో 70 గ్రే ఇవ్వడం ప్రామాణిక పద్ధతి.

సుమారు నాలుగవ వారం నుండి మిగిలిన క్యాన్సర్ కణాలు వేగంగా వృద్ధి చెందుతాయి. నోటిపూత, మింగలేని బాధ తీవ్రంగా ఉండేదీ ఆ రోజులలోనే. రోగి చికిత్స మానుకోవాలనుకొనేదీ, ఎంతమాత్రం మానకూడనిదీ ఆ సమయమే. నొప్పి తగ్గించే మందులతో, అవసరమైతే ముక్కుగొట్టం ద్వారా ఆహారంతో ఆ దశను దాటించాలి.

లాలాజల గ్రంథులు దెబ్బతిని నోరు ఎండిపోతే పళ్లు త్వరగా పుచ్చుతాయి. వికిరణం సోకిన దవడ ఎముకకు రక్తప్రసరణ తగ్గుతుంది. తరువాత పన్ను తీస్తే గాయం మానక, ఎముక నిర్జీవమయ్యే ప్రమాదం ఉంది. కావున చెడిన పళ్లను చికిత్సకు రెండు మూడు వారాల ముందే తీయించుకోవడం శ్రేయస్కరం.