ఎండలు ముదరకముందే పెద్దల ఒంటిని సిద్ధం చేద్దాం



బ్రూస్‌పేటలో ఎండాకాలం ఎలా ఉంటుందో మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఏప్రిల్ వచ్చిందంటే ఎండ 40 డిగ్రీలకు చేరుతుంది. పగలంతా కాగిన బండలు, మిద్దెలు, రేకులు ఇషా నమాజు తర్వాత కూడా సెగ కక్కుతూనే ఉంటాయి. వయసులో ఉన్నవాళ్లం ఎలాగో నెట్టుకొస్తాం. అరవై ఐదు దాటిన అబ్బాజాన్, అమ్మీజాన్, దాదీ, నానీల సంగతి వేరు. వారి కోసం మనం మే నెలలో కంగారు పడతాం. కానీ జాగ్రత్త పడవలసింది అంతకు రెండు నెలల ముందు.

ఇది చిన్న విషయం కాదు. 2003 ఎండాకాలంలో ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,000 మంది వడదెబ్బకు చనిపోయారు. 2015లో ఆంధ్ర, తెలంగాణ రెండింటిలో కలిపి దాదాపు 2,000 మంది పోయారు. చల్లని దేశమనుకునే ఫ్రాన్స్‌లో సైతం 2003 ఆగస్టులో సుమారు 15,000 మంది మరణించారు. అక్కడ పోయినవారిలో అత్యధికులు ముసలివారే. అలవాటు లేని ఒంటి మీద ఎండ ఒక్కసారిగా పడితే ఇంత నష్టం జరుగుతుంది.

మిజాజ్ ఏం చెబుతుంది?

ఆరోగ్యానికి ఆరు తప్పనిసరి కారణాలున్నాయని యునానీ వైద్యం చెబుతుంది. వీటిని అస్బాబె సిత్తా జరూరియా అంటారు. వాటిలో మొదటిది గాలి, అంటే మన చుట్టూ ఉన్న వాతావరణం. ముసలితనపు మిజాజ్ చలువ, పొడి అని హకీములు చెబుతారు. "చలువ మిజాజే కదా, ఎండ వారికి మంచిదే" అని కొందరు అనుకుంటారు. ఇది సగం మాటే. పొడి సంగతి మరిచిపోకూడదు. ఎండ ఆ పొడిని ఇంకా పెంచుతుంది.

నేటి వైద్యశాస్త్రమూ ఇక్కడ భిన్నంగా చెప్పదు. వయసు పెరిగేకొద్దీ చెమట తక్కువగా, ఆలస్యంగా పడుతుంది. దాహం సరిగా తెలియదు. చర్మానికి రక్తం పంపి వేడిని బయటికి తోసే శక్తి గుండెకు తగ్గుతుంది. అయితే అల్లాహ్ మన ఒంటికి అలవాటు పడే గుణం కూడా ఇచ్చాడు. రోజూ కొద్దికొద్దిగా వేడి తగిలితే ఒకటి రెండు వారాల్లో చెమట త్వరగా పట్టడం మొదలవుతుంది, చెమటలో పోయే ఉప్పు తగ్గుతుంది, రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, గుండె దడ తగ్గుతుంది. పెద్దవారిలో ఇదే పని కాస్త నిదానంగా జరుగుతుంది.

రెండు మూడు వారాల సాధన

ఎండలు ఇంకా ముదరకముందే, అసర్ నమాజు తర్వాత పెద్దలను పది నిమిషాలు నెమ్మదిగా నడిపించండి. ఒంటికి సన్నగా చెమట పడితే చాలు. రెండు మూడు రోజులకొకసారి ఐదేసి నిమిషాలు పెంచుతూ అరగంటకు తీసుకురండి. పక్కన ఒకరు తోడుండాలి. తల తిరిగినా, ఆయాసం వచ్చినా, ఛాతీ పట్టేసినా ఆ రోజుకు ఆపేయాలి. రోజా ఉన్న పగటివేళ ఇది వద్దు, ఈద్ తర్వాత మొదలుపెట్టండి. వడగాలులు మొదలయ్యాక కొత్తగా ప్రారంభించకండి. అప్పుడు నీడే మందు.

గుండెజబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా ఈ పని చేయరాదు. బీపీకి మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడేవారు ఎండాకాలానికి ముందే డాక్టరును కలిసి మోతాదు గురించి అడగాలి. సొంతంగా మాత్రలు మానేయకూడదు. రోజంతా కూలర్ ముందే కూర్చుంటే సంపాదించిన అలవాటు కొన్ని వారాల్లో పోతుందని కూడా గుర్తుంచుకోండి.

ఏం తాగించాలి?

దాహం వేసేదాకా ఆగవద్దు. గంటకొకసారి గ్లాసెడు చేతికివ్వండి. నీళ్లు, పలుచని మజ్జిగ, మన హకీములు మావుష్షయీర్ అనే బార్లీ నీళ్లు, నానబెట్టిన సబ్జా గింజలు మంచివి. నన్నారి, గులాబీ షర్బత్‌లలో చక్కెర ఎక్కువ. షుగర్ ఉన్నవారికి అవి పనికిరావు. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల నీళ్లు తగ్గించమని డాక్టరు చెప్పినవారు ఆ మాటే పాటించాలి.

మధ్యాహ్నం మస్జిద్‌కు

ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు జుహర్‌ను కాస్త చల్లబడేదాకా ఆలస్యం చేయమని దైవప్రవక్త (స) బోధించారు. దీన్‌లోనే ఈ వెసులుబాటు ఉండగా, మండుటెండలో పెద్దాయన ఒంటరిగా నడిచి వెళ్లవలసిన పని లేదు. జుమాకు వెళ్లేటప్పుడు తలకు తడి రుమాలు చుట్టి, గొడుగిచ్చి, వెంట మనవడిని పంపండి. ఇంట్లో కిటికీకి వట్టివేళ్ల తడక కట్టి నీళ్లు చల్లండి. మన ప్రాంతపు పొడి గాలికి అది బాగా పనిచేస్తుంది.

ఈ గుర్తులు కనిపిస్తే

మాట తడబడటం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, ఒళ్లు కాలిపోవడం, స్పృహ తప్పడం వడదెబ్బ లక్షణాలు. వెంటనే 108కి ఫోన్ చేయండి. బండి వచ్చేలోగా నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడుపుతూ విసరండి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయవద్దు. అరికాళ్లకు ఉల్లిగడ్డ రసం రాస్తూ సమయం పోగొట్టుకోవద్దు. ఆ నిమిషాలే ప్రాణం.

చిన్నప్పుడు మన వేలు పట్టుకుని నడిపించినవారు వారు. ఈ రోజు అసర్ తర్వాత వారి చేయి పట్టుకుని ఒక పది నిమిషాలు నడవండి. ఇన్షా అల్లాహ్, మే నెలలో దాని మేలు మీకే కనిపిస్తుంది.