పుట్టకముందే పడిన పిచికారీ

కాసరగోడ్ తోటల మీద చల్లిన ఎండోసల్ఫాన్ మగపిల్లల ఎదుగుదలను దెబ్బతీసి ఉండొచ్చని 2003లోనే తేలింది. తల్లి కడుపులో జరిగినదాన్ని నిరూపించడమే కష్టం

ఏడాదికి రెండు మూడుసార్లు హెలికాప్టర్ వచ్చేది. కేరళ ఉత్తర కొసన, కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న కాసరగోడ్ జిల్లాలో రాష్ట్ర ప్లాంటేషన్ కార్పొరేషన్‌కు వేల ఎకరాల జీడిమామిడి తోటలున్నాయి. చిగుళ్లను, పూతను పీల్చేసే టీ దోమను చంపడానికి 1970ల చివరి నుంచి 2000 డిసెంబర్ దాకా వాటి మీద ఆకాశం నుంచి ఎండోసల్ఫాన్ చల్లారు. తోటలేమో కొండల మీద, ఇళ్లేమో కింద పల్లంలో. చాలామందికి తాగునీరు కొండను అడ్డంగా తొలిచిన సురంగాల నుంచే వస్తుంది. పైన పడిన మందు వాననీటితో కిందికి దిగక ఏమవుతుంది?

మన పత్తి రైతులకు ఈ మందు పేరు కొత్త కాదు. గుంటూరు నుంచి వరంగల్ దాకా పచ్చపురుగు మీద ఏళ్ల తరబడి కొట్టిన వాటిలో ఇదీ ఒకటి. కాకపోతే చేలో కొట్టే రైతుకు వీపు మీద డబ్బాలో ఏముందో తెలుసు. కాసరగోడ్‌లో అది ఎవరినీ అడక్కుండా నెత్తిన పడింది.

దూడలు వంకర కాళ్లతో పుడుతున్నాయని పడ్రె గ్రామానికి చెందిన జర్నలిస్టు శ్రీపడ్రె చాలా ముందే రాశారు. ఇంత చిన్న ఊళ్లో ఇన్ని మూర్ఛలు, ఇంత బుద్ధిమాంద్యం, ఇన్ని కేన్సర్లు ఎందుకున్నాయని అక్కడే వైద్యం చేస్తున్న డాక్టర్ మోహన్ కుమార్ 1990లలో ప్రశ్నించారు. వ్యవసాయ శాఖ ఉద్యోగిని లీలాకుమారి అమ్మ 1998లో కోర్టుకెక్కి పిచికారీపై స్టే తెచ్చారు. ఆ తర్వాత దేశమంతా చూసినవి మంచం పట్టిన పిల్లల ఫొటోలు. అదే ఊళ్లలో రోజూ బడికి వెళ్తూ, పైకి ఆరోగ్యంగానే కనిపించే మగపిల్లల సంగతి మాత్రం ఏ కెమెరాకూ చిక్కేది కాదు.

దాన్ని పట్టుకున్నది అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ. 10 నుంచి 19 ఏళ్ల వయసున్న 117 మంది పిల్లలను తోటల కింది ఊళ్లో, మరో 90 మందిని పిచికారీ జరగని ఊళ్లో ఆ సంస్థ శాస్త్రవేత్తలు పరీక్షించారు. 2003లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, తోటల కింది పిల్లల్లో 78 శాతం మంది రక్తంలో ఎండోసల్ఫాన్ కనిపించింది. రెండో ఊళ్లో అది 29 శాతమే. ఒకే ఈడు పిల్లలను పోల్చి చూస్తే, మందు సోకినవారిలో యవ్వన లక్షణాలు ఆలస్యమయ్యాయి. టెస్టోస్టిరాన్ తక్కువగా ఉంది. వృషణాలను పనిచేయించేందుకు మెదడు కింది పీయూష గ్రంథి వదిలే ఎల్‌హెచ్ హార్మోన్ మాత్రం ఎక్కువగా ఉంది. పైనుంచి ఆదేశాలు గట్టిగానే వెళ్తున్నాయి, కింద పని సాగడం లేదు.

అదే నివేదికలో మరో చిన్న అంకె ఉంది. తిత్తిలోకి దిగని వృషణాలు, పుట్టుకతో వచ్చే వరిబీజం, హెర్నియా తోటల కింది పిల్లల్లో 5.1 శాతం మందికి, రెండో ఊళ్లో 1.1 శాతం మందికి ఉన్నాయి. అంటే అక్కడ ఆరుగురు, ఇక్కడ ఒక్కరు. గణాంక శాస్త్రం ప్రకారం ఈ తేడాకు విలువ లేదని శాస్త్రవేత్తలే రాశారు. అయినా కొట్టిపారేయలేని అంకె ఇది. ఎందుకంటే ఈ లోపాలకు బీజం పడేది బడి వయసులో కాదు, తల్లి కడుపులో.

మగశిశువు అవయవాలకు రూపు దిద్దేది ఆ శిశువు వృషణాల నుంచే వచ్చే టెస్టోస్టిరాన్. సుమారు 8 నుంచి 14 వారాల మధ్య అది చాలినంత అందకపోతే లోపం తర్వాత పూడదు. వృషణాలు కిందికి దిగడం నెలలు నిండే సమయానికి పూర్తవుతుంది. తల్లికి ఏ బాధా తెలియకుండానే ఆ గడువు దాటిపోవచ్చు. గర్భంతో ఉన్న ఎలుకలకు ఎండోసల్ఫాన్ ఇస్తే వాటి మగపిల్లల్లో వీర్యకణాల ఉత్పత్తి తగ్గిందని మన దేశంలో జరిగిన ప్రయోగాలే చెప్పాయి.

మనుషుల్లో ఇలాంటిది ఇన్నేళ్ల తర్వాత బయటపడుతుందా అన్న ప్రశ్నకు అమెరికాలో అప్పటికే జవాబు దొరికింది. గర్భస్రావం కాకుండా డీఈఎస్ అనే కృత్రిమ ఈస్ట్రోజన్‌ను అక్కడ 1940ల నుంచి గర్భిణులకు ఇచ్చారు. దానివల్ల ప్రయోజనం లేదని 1953లోనే తేలినా డాక్టర్లు రాస్తూనే పోయారు. 1971లో బోస్టన్‌లో అరుదైన యోని కేన్సర్ సోకిన 8 మంది యువతుల గురించి ఆరా తీస్తే ఏడుగురి తల్లులు ఆ మందు వాడినవారే. డీఈఎస్ తల్లుల కొడుకుల్లోనూ దిగని వృషణాలు ఎక్కువగా కనిపించాయి. అయితే బోస్టన్ తల్లులను ఏ మందు, ఏ నెలలో మింగారని అడగడానికి వీలైంది. కాసరగోడ్ తల్లికి మందుచీటీ ఎక్కడిది?

పరిశ్రమ వర్గాలు పట్టుకున్నది ఈ లోటునే. అహ్మదాబాద్ అధ్యయనాన్ని అవి తప్పుపట్టాయి. పరీక్షించిన పిల్లలు తక్కువ, శరీర పరీక్షకు చాలామంది ఒప్పుకోలేదు అన్నమాట నిజమే, శాస్త్రవేత్తలే ఒప్పుకున్నారు. పద్నాలుగేళ్ల కుర్రాడు అలాంటి పరీక్షకు ముందుకు రాకపోతే తప్పెవరిది? పైగా ఆ పిల్లలు కడుపులోనూ, పుట్టాకా అదే నీళ్లు తాగారు. ఏది ఎప్పటి దెబ్బో విడదీయడం అసాధ్యం. కేంద్రం నియమించిన దుబే కమిటీ మాత్రం జబ్బులకూ మందుకూ సంబంధం లేదని తేల్చేసింది.

2011 ఏప్రిల్‌లో స్టాక్‌హోమ్ ఒప్పందం కింద ప్రపంచ దేశాలు ఎండోసల్ఫాన్‌ను నిషేధిత జాబితాలో చేర్చాయి. అంతకుముందు దాకా వద్దని వాదించిన దేశాల్లో భారత్ ముందుంది. అప్పట్లో ఈ మందు తయారీలోనూ వాడకంలోనూ మనదే పెద్ద వాటా మరి. మే 13న సుప్రీంకోర్టు తయారీని, అమ్మకాన్ని ఆపింది. బాధితులకు తలా 5 లక్షల రూపాయలు మూడు నెలల్లో ఇవ్వాలని 2017 జనవరిలో ఆదేశించింది. 2022 మేలో చూస్తే 3,704 మందిలో అందింది ఎనిమిది మందికి. కోర్టు మళ్లీ మందలించాకే చెల్లింపులు కదిలాయి.

పరిహారానికి జాబితా కావాలి, జాబితాకు కంటికి కనిపించే జబ్బు కావాలి. అప్పుడు కొలతలు తీసిన పిల్లల్లో అందరికంటే చిన్నవాడికి ఇప్పుడు ముప్పై దాటాయి. చివరి హెలికాప్టర్ వచ్చిననాడు తల్లి కడుపులో ఉన్నవారు పెళ్లీడుకొచ్చారు. వాళ్ల రక్తంలో ఇప్పుడు ఎండోసల్ఫాన్ కోసం వెతికితే, నాటి మందు లెక్క అందులో దొరకదు.