వసంతకాలమున హిమరాశులు

ఏటేట వైశాఖమాసమున మన గ్రామములనుండి బదరీకేదారములకు పోవువారు పెక్కండ్రు. శిశిరము గడచినది, ఎండ కాయుచున్నది, ఇక మంచువలన భయము లేదని వారు తలంతురు. ఆ తలంపు సరికాదని చెప్పుటకే నేడు మాటలాడుచున్నాను.

మన తెలుగున గడ్డిపరకమీది బిందువును మంచే, మార్గశిరమున పొలములపై క్రమ్ము పొగయును మంచే. హిమాలయమందలి మంచు వేఱు. సంస్కృతవ్యాకరణమున హిమశబ్దమునకు మహత్త్వార్థమున హిమాని యను రూపము కలదు. ఆ మహారాశినిగూర్చియే నా ప్రసంగము.

శీతకాలమున మంచు కురిసినప్పుడెల్ల ఒక్కొక్క పొర యేర్పడును. ఒక పొర గట్టిగా నుండును, ఒకటి చక్కెరవలె పొడిపొడిగా నుండును. తాళపత్రగ్రంథమును కట్టువిప్పి ఏటవాలుగా పట్టినచో, నునుపైన ఆకు ఎచ్చట నున్నదో అచ్చటినుండి పైయాకులన్నియు ఒక్కమాఱుగా జారును గదా! కొండమీద జరుగునదియు నదియే. 30 మొదలు 45 డిగ్రీలవఱకు గల వాలులయందే ఇది తఱచు. అంతకన్న నిట్టనిలువైనచోట మంచు ప్రోగుపడక ఎప్పటికప్పుడు రాలిపోవును.

వసంతమున పగటియెండకు పైమంచు కరగి, ఆ నీరు లోనికింకి పొరల నడిమి పట్టును సడలించును. రాత్రి ఆకాశము నిర్మలమైనచో అది మరల గడ్డకట్టును. కావున ఉదయమున రాయివలె నున్న వాలు మధ్యాహ్నమునకు నమ్మరానిదగును. రాత్రి మబ్బుపట్టి వెచ్చగా నున్నను, వాన కురిసినను, ఉదయమునుకూడ నమ్మరాదు. మంచుముద్దలు తమంతట దొర్లివచ్చుటయు, అడుగు మోకాలిలోతు దిగుటయు ముందుగా కనబడు గుఱుతులు.

నేను కేదారమునకు నడచినప్పుడు మా మూటలు మోయు కూలివాడు తెల్లవాఱకమునుపే మమ్ము లేపి, మంచుకాలువలను ఎండ యెక్కకముందే దాటించెను. నేనిప్పుడు వివరించిన కారణములెల్ల ఆతనికి పాదములే నేర్పినవి.

2023 ఏప్రిలు 4వ తేదీన సిక్కిమునందలి నాథూలా మార్గమున మధ్యాహ్నసమయమున మంచు విఱిగిపడి ఏడుగురు యాత్రికులు మృతినొందిరి. పదుమూడవ మైలువఱకే అనుమతి యుండగా పదునైదవ మైలువఱకు పోయినవారు అందు చిక్కిరి. 2025 ఫిబ్రవరి 28వ తేదీన బదరికి ఎగువనున్న మాణా గ్రామముచెంత రోడ్డుపనివారు 54 మంది మంచుక్రింద పడిరి. 46 మందిని వెలికితీసిరి, ఎనమండుగురు మరణించిరి. వారు నివసించు ఇనుపగదులలోని గాలియే పలువురను కాపాడినది. అట్టి యాశ్రయము లేనివానికి గడువు మిక్కిలి స్వల్పము. జారిన మంచు ఆగినవెంటనే గచ్చువలె బిగియును. పావుగంటలోపల త్రవ్వితీసినచో అధికులు బ్రతుకుదురు. అరగంట దాటినచో ఆశ సన్నగిల్లును. కావున ప్రక్కనున్నవారే త్రవ్వవలెను, దూరమునుండి సాయము వచ్చువఱకు ఎదురుచూడరాదు.

మంచువాలు దాటునప్పుడు గుంపుగా పోక, ఒకరి తరువాత ఒకరు ఎడముగా నడువవలెను. దాని క్రింద కూర్చుండి ఫలహారము చేయుట, ఛాయాచిత్రములు తీయించుకొనుట తగదు. అధికారులు దారి మూసినచో గుప్తకాశిలోనో జోషీమఠములోనో నిలువవలెను. మనవారికి కష్టమంతయు ఇచ్చటనే. తిరుగురైలు టిక్కెట్టు తేదీ తఱుముచుండును. బయలుదేఱునప్పుడే నాలుగుదినములు అదనముగా నుంచుకొని టిక్కెట్టు కొనిన ఆ తొందర యుండదు.