వానలో బైక్‌పై వెళ్తున్నారా? రెయిన్ సూట్ కొనేముందు ఇవి చూడండి!

దొనకొండ, మార్కాపురం, గిద్దలూరు వైపు వానలు తక్కువే. కానీ అక్టోబర్, నవంబర్‌లో తుఫాను పట్టిందంటే రోజంతా ముసురే. అప్పుడు బైక్‌పై వెళ్లేవాళ్లకు రెయిన్ సూట్ ఉండాల్సిందే.

కొనేటప్పుడు లోపలివైపు తిప్పి చూడండి. కుట్ల మీద టేపు అతికించి ఉండాలి. లేదంటే సూది రంధ్రాల్లోంచి నీళ్లు దిగుతాయి. జిప్‌ను కప్పుతూ మడత పట్టీ ఉండాలి. బట్టలపైనే తొడిగి, బైక్‌పై కూర్చున్నట్టు మోకాళ్లు వంచితే సైజు తెలిసిపోతుంది.

గాలికి ఎగిరే పోంచోలు వద్దు. చక్రంలోనో, చైన్‌లోనో చిక్కుకుంటే ప్రాణాలకే ముప్పు. చీకట్లో వెనక వచ్చేవాళ్లకు కనిపించేలా రిఫ్లెక్టివ్ పట్టీలున్నదే తీసుకోండి. వేడి సైలెన్సర్ తగిలితే ప్యాంటు కరిగిపోతుంది, జాగ్రత్త. తడి సూట్‌ను మడిచి డిక్కీలో పడేయకుండా నీడలో ఆరబెడితే ఎక్కువ రోజులు మన్నుతుంది.